పిల్లను పంపేముందు ఇంటికేం కావాలో అడుగుదాం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒక్కో ఇంటిది ఒక్కో కథ. అయినా చాలామంది అడిగింది ఒకటే: "పిల్లల్ని ఎక్కడైనా చేర్పించే దారి చెప్పండి." పాలమూరు వైపు సోషల్ వర్కర్‌గా, తర్వాత బాలల సంక్షేమ సమితి సభ్యురాలిగా పనిచేసిన రోజుల్లోనూ మా టేబుల్ ముందు కూర్చున్నవాళ్లు మొదట అడిగేది ఇదే. ముందు ఆ ఇంటికేం తక్కువైందో చూద్దామని అప్పుడూ అనేదాన్ని, ఇప్పుడూ అదే అంటాను. తక్కువైంది డబ్బా, కాగితమా, తోడు మనిషా? అది సర్దగలిగితే పిల్ల తన ఇంట్లో, తన వాళ్ల మధ్యే పెరుగుతుంది. సర్దలేని ఇళ్లూ ఉంటాయి. వాటి సంగతి కూడా ఈసారి ఉత్తరాల్లో ఉంది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు అరవై దాటినయి. నా కొడుకు ఏడాదిన్నర కింద హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడు. కోడలు కొన్నాళ్లు ఉండి పుట్టింటికి వెళ్లింది. మళ్లీ పెళ్లి చేసుకున్నదని విన్నాను. మనవరాలు అయిదో తరగతి, మనవడు రెండో తరగతి. ఇద్దరూ రోజూ బడికి పోతారు. నాకు పింఛన్ వస్తది, చేతనైన రోజు కూలికి పోతాను. పిల్లోడు ఈ మధ్య రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు. ఆశ్రమంలో వేయమని అందరూ అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక నానమ్మ, వనపర్తి జిల్లా (పక్కింటి అమ్మాయితో రాయించాను)

జవాబు: అమ్మా, ఈ వయసులో ఇద్దరు పిల్లల్ని పొదివి పట్టుకున్నారు, రోజూ బడికి పంపుతున్నారు. పిల్లలకు ముఖ్యంగా కావాల్సింది మీ ఇంట్లో ఉంది. లేనిది డబ్బు, కాస్త చేదోడు. ఆ రెంటి కోసం పిల్లల్ని ఆశ్రమానికి పంపనక్కర్లేదు. పిల్లల్ని సంస్థల్లో పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోనే రాసి ఉంది.

మీరు అడగాల్సింది స్పాన్సర్‌షిప్. మిషన్ వాత్సల్య పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు రూ.4,000 ఇస్తారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.72,000, పట్టణాల్లో రూ.96,000 మించకూడదు. ఇద్దరికీ విడివిడిగా దరఖాస్తు పెట్టండి. కలెక్టరేట్‌లో మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసు ఉంటుంది. అందులో జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఎక్కడని అడగండి. డీసీపీయూ అన్నా చెబుతారు. కొన్ని జిల్లాల్లో బాలరక్షా భవన్ అని బోర్డు ఉంటుంది. ఒక్కరే వెళ్లకండి, అంగన్‌వాడీ టీచర్‌నో, ఈ ఉత్తరం రాసిపెట్టిన అమ్మాయినో వెంట తీసుకెళ్లండి. కొడుకు మరణ ధ్రువపత్రం, పిల్లల ఆధార్, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకోండి. అన్నీ దొరికేదాకా ఇంట్లో కూర్చోవద్దు. ఉన్నవి పట్టుకుని వెళ్లి, లేనివి ఏమిటో అక్కడే రాయించుకోండి.

చాలామంది ఆగిపోయేది ఒక చోట. "తల్లి బతికే ఉంది కదా, వీళ్లు అనాథలు కారు" అని ఎవరో ఒకరు తిప్పి పంపుతారు. మీరు వెనక్కి రావద్దు. తల్లిదండ్రులు చూసుకునే స్థితిలో లేని పిల్లలు కూడా సంరక్షణ అవసరమైన పిల్లల కిందికే వస్తారు. "పిల్లల్ని సీడబ్ల్యూసీ ముందు హాజరుపరుస్తాను, ఆర్డర్ ఇప్పించండి" అనండి. సీడబ్ల్యూసీ అంటే బాలల సంక్షేమ సమితి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. పోలీస్ స్టేషన్ కాదు, భయపడాల్సింది లేదు. పిల్లలతో నెమ్మదిగా మాట్లాడతారు, మీ మాట వింటారు, తర్వాత ఒక సోషల్ వర్కర్ మీ ఇంటికి వస్తారు.

ఇల్లు చూసి పిల్లల్ని తీసుకుపోతారేమో అని నాతో చాలామంది అమ్మమ్మలు, నానమ్మలు అన్నారు. ఇళ్లకు వెళ్లినప్పుడు నేను గోడలు, పైకప్పు చూసేదాన్ని కాదు. పుస్తకాల సంచి మేకుకు తగిలించి ఉందా, మూలన దుమ్ము పట్టి ఉందా? మధ్యాహ్నం గిన్నె మూత తీస్తే ఏముంది? నేను గడపలో అడుగుపెట్టగానే పిల్ల ఎవరి వెనక దాక్కుంది? నానమ్మ కొంగు పట్టుకుని నా వైపు తొంగిచూసిన పిల్లను ఆ ఇంటి నుంచి కదిలించాలని ఏ సోషల్ వర్కర్‌కీ అనిపించదు.

డబ్బు మంజూరయ్యాక కూడా నెలనెలా ఠంచనుగా పడకపోవచ్చు. నేను చూసిన చాలా ఇళ్లలో కొన్ని నెలలది కలిపి ఒకేసారి పడేది. దాన్ని నమ్ముకుని కిరాణా కొట్టులో అప్పు పెంచుకోవద్దు. పిల్లలు బడికి వెళ్తున్నట్టు కాగితం అడిగినప్పుడల్లా ఇవ్వాలి.

ఇంకో పని. మీ కొడుక్కి లేబర్ కార్డు ఉందేమో వెతకండి. ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు నుంచి ప్రమాద మరణానికి సాయం వస్తుంది. కార్డు లేకపోయినా, పనిలో జరిగిన ప్రమాదం కాబట్టి పని ఇచ్చినవాళ్ల నుంచి నష్టపరిహారం అడగొచ్చు. ఇలాంటి క్లెయిములకు గడువు ఉంటుంది. ఈ వారమే లేబర్ ఆఫీసుకు వెళ్లండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు ఎవరి దగ్గర ఉన్నాయో ముందు కనుక్కోండి. మేస్త్రీ దగ్గరే ఉండిపోవడం చాలాసార్లు చూశాను. జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఇంటిని పోషించే మనిషి చనిపోతే రూ.20,000 ఇస్తారు. తహసీల్దార్ ఆఫీసులో దాని గురించి కూడా అడగండి.

ఇక పిల్లోడి విషయం. తండ్రి పోయి, తల్లి కనపడకుండా పోయిన పిల్లవాడు ఆ వయసులో పక్క తడపడం మామూలే. వాడు కావాలని చేయడం లేదు, ఆపుకోవడం వాడి చేతిలో లేదు. పొద్దున్నే దుప్పటి ఆరేస్తూ వీధి వినేలా తిట్టొద్దు. అక్క ముందు వెక్కిరించొద్దు. పడుకునే ముందు ఒంటికి పోయించండి, కింద ప్లాస్టిక్ షీటు వేయండి, మీ పక్కనే పడుకోబెట్టుకోండి. తడిసిన రోజు ఏమీ అనకుండా బట్టలు మార్చండి. మంట అంటున్నా, నీళ్లు విపరీతంగా తాగుతున్నా పీహెచ్‌సీలో చూపించండి. బడిలో కూడా ఎవరితో కలవకుండా ముభావంగా ఉంటే మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

కోడలి మీద మీకు కోపం ఉండటంలో తప్పు లేదు. కానీ "మీ అమ్మ మిమ్మల్ని వదిలేసి పోయింది" అన్న మాట పిల్లల చెవిన పడనీయకండి. ఎవరైనా అన్నా ఆపండి. తమలో ఏదో లోపం ఉండబట్టే అమ్మ పోయిందని పిల్లలు లోలోపల అనుకుంటారు. ఆమె ఎప్పుడైనా ఫోన్ చేస్తే మాట్లాడనివ్వండి. కొత్త ఇంట్లో ఆమె పరిస్థితి ఏమిటో మనకు తెలియదు. మీ ఆరోగ్యం ఎప్పుడైనా బాగా లేకపోతే ఈ పిల్లలకు తల్లి అవసరం పడుతుంది, ఆ దారి మూసేయవద్దు.

మనవరాలు ఆరో తరగతికి వచ్చేసరికి కస్తూర్బా విద్యాలయంలో చేర్చమని చెబుతారు. మంచి బళ్లే. కానీ అడగాల్సింది ఆ పిల్లనే. తమ్ముణ్ణి వదిలి వెళ్లనంటే ఇంకో ఏడాది ఊళ్లోనే చదవనివ్వండి. హాస్టల్లో వేస్తే స్పాన్సర్‌షిప్ ఏమవుతుందో డీసీపీయూలో ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను చిన్నప్పటి నుంచి హోమ్‌లోనే పెరిగాను. అమ్మానాన్నలు ఎవరో తెలియదు. ఇప్పుడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. ఇంకో నాలుగు నెలల్లో 18 నిండుతాయి. ఆ తర్వాత హోమ్‌లో ఉండకూడదంటున్నారు. పరీక్షల కంటే ఇదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. నేను ఎక్కడికి వెళ్లాలి?
— ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: బాబూ, 18 నిండిన రోజు పొద్దున్నే నీ పెట్టె గేటు బయట పెట్టేయమని చట్టం చెప్పలేదు. అదే జువెనైల్ జస్టిస్ చట్టంలో 46వ సెక్షన్ ఉంది. హోమ్ నుంచి 18 ఏళ్లకు బయటికి వెళ్లే పిల్లలకు సమాజంలో నిలదొక్కుకునేదాకా ఆర్థిక సాయం చేయవచ్చని చెబుతుంది. దీన్ని ఆఫ్టర్‌కేర్ అంటారు. నియమాల ప్రకారం 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు. మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 ఇస్తారు. అయితే అది దానంతట అది రాదు, అడగాలి. ఈ నాలుగు నెలలే అడగాల్సిన సమయం. "నాకు ఆఫ్టర్‌కేర్ కావాలి, పాలిటెక్నిక్ పూర్తయ్యేదాకా సాయం చేయండి" అని నీ చేతిరాతతో ఒక అర్జీ రాసి, హోమ్ సూపరింటెండెంట్ ద్వారా సీడబ్ల్యూసీకి ఒకటి, డీసీపీయూకి ఒకటి ఇవ్వు. తీసుకున్నట్టు ముద్ర వేయించుకో.

నీ ఫైల్ చూపించమని అడుగు. నిన్ను హోమ్‌లో చేర్చినప్పటి ఆర్డర్, ఎక్కడ దొరికావో రాసిన రిపోర్టు, జనన ధ్రువపత్రం ఉంటే అది, వీటన్నింటి కాపీలు నీ దగ్గర ఉండాలి. ఆ కాగితాల్లో ఎవరైనా బంధువు పేరు, ఊరు కనపడొచ్చు. చదివేటప్పుడు నమ్మకమైన మనిషి ఒకరు పక్కన ఉండేలా చూసుకో. ఏం రాసి ఉన్నా తట్టుకోవడానికి తోడు కావాలి.

చాలామందికి తట్టని ఇబ్బంది ఒకటి చెబుతాను. హోమ్ పిల్లల ఆధార్‌కు సాధారణంగా వార్డెన్‌దో ఆఫీసుదో ఫోన్ నంబరు ఇచ్చి ఉంటారు. బయటికి వచ్చాక స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసినా, బ్యాంకులో ఏ పని పడినా ఓటీపీ ఆ నంబరుకే పోతుంది. ఆ వార్డెన్ బదిలీ అయి ఉంటారు. నువ్వు ఊరంతా తిరుగుతావు. కాబట్టి ఇప్పుడే నీ సొంత సిమ్ తీసుకుని ఆధార్ సెంటర్లో నంబరు మార్పించు. 15 ఏళ్లకు చేయాల్సిన వేలిముద్రల అప్‌డేట్ అయిందో లేదో అక్కడే చూడు. బ్యాంకు ఖాతా మైనర్ ఖాతా అయితే 18 నిండిన వారంలోనే బ్రాంచికి వెళ్లి నీ పేరు మీదికి మార్చుకో.

కులం కాలమ్ దగ్గర ఏం రాయాలో తెలియక జనరల్ అని పెట్టేసిన పిల్లలు ఎందరో. పదేళ్ల లోపు తల్లిదండ్రుల్ని కోల్పోయి, చూసుకునే దిక్కు లేక, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆశ్రమాల్లో, బళ్లలో చేరిన అనాథ పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. నువ్వు ఆ కిందికి వస్తే సీడబ్ల్యూసీ ఆర్డర్, హోమ్ సర్టిఫికెట్ జత చేసి తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టు. ఫీజు రీయింబర్స్‌మెంట్, సీటు, రేపు ఉద్యోగం, అన్నిట్లో ఇది పనికొస్తుంది. ఆ ఆఫీసులో ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. బీసీ జాబితా ప్రింటు తీసి పట్టుకెళ్లు.

ఉండటానికి వెంటనే గది అద్దెకు తీసుకోవద్దు. నాలుగు వేలలో అద్దె, తిండి రెండూ గడవవు. కాలేజీ విద్యార్థుల బీసీ హాస్టల్లో సీటు కోసం ముందు ప్రయత్నించు. గది తప్పనిసరైతే హోమ్‌లో నీతోపాటు పెరిగి బయటికి వెళ్లిన అన్నలు ఎవరున్నారో కనుక్కో, ఇద్దరు ముగ్గురు కలిసి ఉండండి. ఇంటి ఓనరు తప్పకుండా "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడుగుతాడు. ఈ ప్రశ్న దగ్గర గొంతు పట్టేసి గది వద్దని వెనక్కి వచ్చేసిన పిల్లల్ని నేను ఎరుగుదును. జవాబు ముందే అనుకుని ఉంచుకో. "అమ్మానాన్న లేరండీ, ఫలానా కాలేజీలో చదువుతున్నాను, మా సార్ నంబరు ఇస్తాను" అంటే చాలు. నీ కథంతా ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

ఆ "మా సార్" ఎవరో ఇప్పుడే తేల్చుకో. ఒక లెక్చరర్ కావచ్చు, హోమ్‌లో వంటచేసే అమ్మ కావచ్చు, ఆదివారాలు ట్యూషన్ చెప్పడానికి వచ్చే అక్క కావచ్చు. "అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను, జ్వరం వస్తే చెబుతాను, సంక్రాంతికి మీ ఇంటికి రావచ్చా?" అని నేరుగా అడుగు. అడగడానికి సిగ్గుపడకు. మిగతా పిల్లలకు 25 ఏళ్లొచ్చినా అమ్మానాన్నలు ఈ పనులు చేస్తూనే ఉంటారు. నీకు మాత్రం 18కే అన్నీ వచ్చెయ్యాలని ఎవరూ అనకూడదు.

చివరగా, నీ ఖాతాలోకి డబ్బు వేయించుకుని తీసిస్తే కమీషన్ ఇస్తామని స్నేహితుల పేరుతో వచ్చేవాళ్లు ఉంటారు. ఒంటరిగా ఉన్న కుర్రాళ్లనే వెతుక్కుంటూ వస్తారు. సైబర్ మోసాల డబ్బు అలా తిప్పుతారు. కేసు నీ మీద పడుతుంది. లోన్ యాప్‌ల జోలికీ పోవద్దు. డబ్బు అత్యవసరమైతే పైన చెప్పిన ఆ "మా సార్"కి ఫోన్ చెయ్యి.

ప్రశ్న: మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. బాగా చదువుతుంది. బావ తాగుడు మానడు, అక్క కూలికి పోతుంది. వచ్చే నెలలో ఆ పిల్లకు పెళ్లి ఖాయం చేశారు. "ఇంట్లో ఒక్కతే ఉంటుంది, ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులు?" అంటుంది అక్క. నేను ఫిర్యాదు చేశానని తెలిస్తే జన్మలో నాతో మాట్లాడదు. ఏం చేయను?
— ఒక పిన్ని, వికారాబాద్ జిల్లా

జవాబు: చెల్లీ, ఫోన్ చెయ్యి. 1098. అది పిల్లల హెల్ప్‌లైన్, ఎవరు చేశారో బయటపెట్టరు. 18 నిండని అమ్మాయికి పెళ్లి చేస్తే, చేసినవాళ్లకూ చేయించినవాళ్లకూ రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టంలో ఉంది. మేజిస్ట్రేటు ముందే ఆపమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ఉత్తర్వు కాదని చేసిన పెళ్లి అసలు చెల్లదు. మీ మండలంలో బాల్యవివాహ నిషేధ అధికారి ఎవరో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ను అడిగితే తెలుస్తుంది. పెళ్లి రోజు దాకా ఆగొద్దు. పందిరి వేసి, చుట్టాలు దిగాక ఆపితే ఆ అవమానమంతా పిల్ల మీదికే వస్తుంది. తేదీకి చాలా ముందే నలుగురు ఇంటికి వెళ్లి మాట్లాడితే సగం పెళ్లిళ్లు అక్కడే ఆగుతాయి.

అసలు పని పెళ్లి ఆగాకే మొదలవుతుంది. తల్లిదండ్రులతో కాగితం మీద సంతకం పెట్టించుకుని అందరూ వెళ్లిపోతారు. ఆ పిల్ల అదే ఇంట్లో, అదే తాగుబోతు తండ్రితో, పొద్దంతా ఒంటరిగా ఉంటుంది. ఆరు నెలలు పోయాక వేరే ఊళ్లో గుళ్లో మూడు ముళ్లు వేయిస్తారు. మీ అక్క అడిగిన ప్రశ్నకు జవాబు దొరికితే తప్ప ఈ పెళ్లి ఆగినట్టు కాదు. ఆమెది కాదనలేని భయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం అని తేలింది. ఇంతమంది తల్లులు కూతుళ్ల మీద ప్రేమ లేక ఇలా చేశారంటే నేను ఒప్పుకోను.

కాబట్టి 1098 వాళ్లు వచ్చినప్పుడు "పెళ్లి ఆపండి" అన్న దగ్గరే మాట ఆపకు. పిల్ల పదో తరగతి పూర్తయ్యేదాకా కస్తూర్బా విద్యాలయంలో సీటు అడుగు. పైన నానమ్మ గారికి హాస్టల్ తొందర వద్దన్నాను. ఇక్కడ నేనే చెబుతున్నాను, ఈ పిల్లకు హాస్టలే క్షేమం. ఇంటర్ అక్కడే ఉందేమో చూసుకోండి. పదో తరగతి అయ్యాక కాలేజీ దూరమని మళ్లీ పెళ్లి మాట తెస్తారు. ఇప్పుడు ఆర్టీసీ బస్సులో ఆడపిల్లలకు టికెట్ లేదు కాబట్టి కనీసం చార్జీల సాకు పోయింది. కల్యాణలక్ష్మి డబ్బు కూడా 18 నిండితేనే వస్తుందని బావకు గుర్తుచెయ్యి. ఆ మాటకు మెత్తబడిన తండ్రులు ఉన్నారు.

అక్క మాట్లాడకపోతే నువ్వు మాట్లాడు. సెలవులకు పిల్లను మీ ఇంటికి తెచ్చుకో.

ప్రశ్న: నేను పెద్దపల్లి జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. మా బడికి దగ్గర్లో ఇటుక బట్టీలున్నాయి. ఏటా ఒడిశా కుటుంబాలు వస్తాయి. పిల్లలు బట్టీలోనే ఉంటారు. చేర్చుకుందామంటే టీసీలు లేవు, తెలుగు రాదు, ఎండాకాలం రాగానే వెళ్లిపోతారు. చేర్చుకుని ఏం లాభం అని తోటి టీచర్లు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: మాస్టారూ, చేర్చుకోండి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు, వయసు ధ్రువపత్రం లేదని కాదనకూడదు. బడి మానేసిన పిల్లను వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. ఆధార్ లేదని చేర్చుకోకపోవడం కుదరదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది.

బట్టీ పని ఎలా నడుస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు. బలంగీర్, నువాపడా వైపు నుంచి సర్దార్ (కూలీలను కుదిర్చే మేస్త్రీ) చేతుల మీదుగా అడ్వాన్సు తీసుకుని వస్తారు. మొగుడూ పెళ్లాం ఇటుకలు కోస్తుంటే ఎనిమిదేళ్ల పిల్ల వాటిని ఎండకు తిప్పుతుంది. ఆ చిన్న చేతుల పని కూడా అడ్వాన్సు తీరడంలో కలిసిపోతుంది. ఆ లెక్కలోంచి పిల్లను బయటికి లాగాలంటే బడి పిలవాలి, బట్టీ యజమాని ఒప్పుకోవాలి, తల్లిదండ్రులకు నమ్మకం కలగాలి. రంగారెడ్డి జిల్లాలో ప్రొఫెసర్ శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు 1990ల మొదట్లో ఈ పనే మొదలుపెట్టారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నారు వాళ్లు. జీతాలకు ఉన్న పిల్లల్ని ముందు శిబిరాల్లో ఉంచి చదివించి, తర్వాత మామూలు బళ్లలో చేర్చారు. ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. తర్వాత జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. పేద తల్లిదండ్రులు పిల్లల్ని పనికే పంపుతారు అన్న మాట నిజం కాదని ఆ పల్లెలే చూపించాయి.

భాష గురించి. మీ జిల్లాలోనే బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే బళ్లు నడిచిన సందర్భాలున్నాయి. మండల విద్యాధికారిని అడగండి. అది కుదరకపోతే బట్టీ మనుషుల్లోనే పదో తరగతి దాకా చదివిన కుర్రాడో అమ్మాయో ఒకరు ఉంటారు, వాళ్లను వాలంటీర్‌గా పెట్టించండి. మధ్యాహ్న భోజనం మొదటి రోజు నుంచే పెట్టండి. ఆరేళ్లలోపు చిన్నవాళ్లను అంగన్‌వాడీకి చేర్చండి, ఆ గుడ్డు, బాలామృతం వాళ్లకూ రావాలి. పాకే పిల్లలు బట్టీ మంటల పక్కన మట్టిలో ఆడుతుంటారు.

ఆరు నెలలకు లాభమేమిటన్నారు కదా. ఆ ఆరు నెలలు బడిలో గడిపిన పిల్ల తిరిగి ఊరికి వెళ్లాక తన తరగతిలో కూర్చోగలదు. లేకపోతే ఏటా సగం పాఠాలు పోయి, అయిదో తరగతికి చదువే మానేస్తుంది. వెళ్లేటప్పుడు ఎన్ని రోజులు వచ్చింది, ఏ తరగతిలో కూర్చుంది అని రాసి, ముద్ర వేసి తల్లి చేతిలో పెట్టండి. మళ్లీ వలస వచ్చే ముందు వాళ్ల జిల్లాల్లో సీజనల్ హాస్టళ్లు ఉంటాయని కూడా చెప్పండి. పిల్ల ఊళ్లోనే ఉండి చదువుకునే వీలు దొరుకుతుంది. మన పాలమూరు నుంచి బొంబాయి, పుణె వెళ్లే కుటుంబాల పిల్లల కోసం ఇలాంటి హాస్టళ్లు అడిగి తెచ్చుకున్న ఊళ్లలో అమ్మమ్మలకు ఎంత ఊరట దొరికిందో నేను కళ్లారా చూశాను.

ప్రశ్న: మాకు పిల్లలు లేరు. నా వయసు 45, నా భార్యకు 41. మా ఊరి ఆర్‌ఎంపీ ఒక పేద తల్లికి పుట్టబోయే బిడ్డను ఇప్పిస్తానంటున్నాడు. ఆమెకు ఇప్పటికే ముగ్గురట. ఆసుపత్రి ఖర్చులు, ఇంకొంత ఇస్తే చాలంటున్నాడు. బిడ్డకు మంచి జీవితం ఇస్తాం కదా, తప్పేముంది?
— గుంటూరు జిల్లా

జవాబు: మీ మనసు మంచిదే కావచ్చు. కానీ ఇది బిడ్డను కొనడం. జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద అమ్మినవాళ్లకూ కొన్నవాళ్లకూ అయిదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. ఎప్పుడు బయటపడినా బిడ్డను మీ ఒడిలోంచి తీసుకుంటారు. మిమ్మల్ని అమ్మా నాన్నా అని పిలిచే వయసులో అది జరిగితే ఆ పసివాడికి ఎంత దెబ్బో ఆలోచించండి.

ఆ తల్లి మాటకొస్తే, ఆమె బిడ్డను ఇవ్వాలనుకుంటోందా, అప్పు తీర్చడానికి ఇంకో దారి లేదా? ఆర్‌ఎంపీ ఆమెను ఈ ప్రశ్న అడిగి ఉండడు. ఆమె సంగతి 1098కి చెప్పండి. ఆమె పెంచుకోవాలనుకుంటే, అర్హత ఉంటే, పైన చెప్పిన స్పాన్సర్‌షిప్ ఆమె పెద్ద పిల్లలకూ రావచ్చు. నిజంగానే ఇచ్చేయాలనుకుంటే సీడబ్ల్యూసీ ముందు అప్పగిస్తుంది. తర్వాత 60 రోజుల లోపు మనసు మార్చుకుని బిడ్డను వెనక్కి తీసుకోవచ్చు. బాలింత మనసు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే ఆ గడువు పెట్టారని నాకు అనిపిస్తుంది.

మీరు దత్తత సంస్థ 'కారా' పోర్టల్‌లో నమోదు చేసుకోండి. మీ ఇద్దరి వయసులు కలిపితే 86. రెండేళ్లలోపు బిడ్డకు ఈ మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య బిడ్డకైతే 90 వరకు, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకైతే 100 వరకు వీలుంది. కాస్త పెద్ద పిల్లలు శిశుగృహల్లో, బాలసదనాల్లో అమ్మానాన్నల కోసం ఎదురుచూస్తూ ఉన్నారు. మాటలు వచ్చిన పిల్లతో మొదటి నెలలు కష్టంగానే ఉంటాయి, రాత్రిళ్లు ఏడుస్తుంది, అన్నం దాచుకుంటుంది. ఓపిక ఉంటే తప్పక ఆలోచించండి. నమోదు చేసిన తేదీ నాటి వయసునే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చాక నెలలు గడపకండి.